తిన్నట్టు రాసిన భోజనం

"పదిహేడు," అంది రష్మి. "నా చేత్తో వండినవి, నా చేత్తో తూచినవి. పదిహేడు డబ్బాలు, వదినా."

గరాజ్‌లో ఫ్రీజర్ తలుపు బార్లా తెరిచే ఉంది. చల్లటి పొగ నేలమీదికి జారుతోంది. రష్మి ఒక్కో డబ్బా తీసి సిమెంటు నేలమీద పెడుతోంది. ప్రతి మూతమీదా ఆమె రాతే: రోజు, వంట, కాలరీలు. 'మంగళవారం రాత్రి, పెసరట్టు, 310.' 'గురువారం రాత్రి, చికెన్, కీరా, 340.'

రాధారాణి వంటింట్లోంచి గరాజ్‌లోకి దిగే మెట్టు మీద నిలబడిపోయింది. తలస్నానం చేసి వచ్చింది. తడి జుట్టులోంచి నీళ్ళు కారి వీపు తడుస్తున్నా తువ్వాలు అందుకోవాలన్న ధ్యాస లేదు.

ఆదివారం పొద్దున్న రష్మి షాంటిలీలోని తన ఇంటి నుంచి ఆష్‌బర్న్‌లోని వదిన ఇంటికి వచ్చి, వారానికి సరిపడా డబ్బాలు వంటింటి ఫ్రిజ్‌లో సర్ది వెళ్ళడం రెండు నెలలుగా అలవాటు. ఇవాళ ఫ్రిజ్‌లో చోటు లేకపోయింది. ఎవరినీ అడగకుండానే గరాజ్ ఫ్రీజర్ తెరిచింది.

"మాట్లాడండి వదినా. ఇవి తిన్నానని రోజూ ఫోన్‌లో ఎక్కించారుగా. కృతి నాకు స్క్రీన్‌షాట్లు పంపేది. మీరు తినంది ఎలా తిన్నట్టు రాశారు?"

"రష్మీ, ముందు లోపలికి రా. చలిగా ఉందిక్కడ."

"నాకు చలి లేదు. గురువారం ఆసుపత్రిలో మీ తూకం. నూట అరవై అయిదు పౌండ్లు దాటితే మీ కిడ్నీ తీసుకోబోమని రాసిచ్చారు. ఇవాళ ఎంతున్నారు?"

రాధారాణి నేలమీది డబ్బాల వైపు చూసింది.

"ఎంతున్నారు?"

"నూట డెబ్భై."

రష్మి చేతిలో ఉన్న డబ్బాను కింద పెట్టలేదు. వదిలేసింది. మూత ఊడి, గడ్డకట్టిన ఉప్మా ముద్ద దొర్లుకుంటూ కారు టైరు దగ్గరికి వెళ్ళి ఆగింది.

ఆ చప్పుడుకి రాధారాణి భర్త శేషగిరి వచ్చాడు. వెనకాలే కూతురు కృతి. పదహారేళ్ళ పిల్ల. తల్లి ఫోన్‌లో కాలరీల యాప్ పెట్టిచ్చింది ఆ పిల్లే.

"ఏమైందమ్మా?" అన్నాడు శేషగిరి.

"మీరే చూడండి అన్నయ్యా.  మా ఆయన వదినకి సొంత తమ్ముడే కదా. వారానికి మూడు రోజులు నాలుగేసి గంటలు ఆ డయాలసిస్ మెషిన్ దగ్గర పడుకుని వస్తున్నారు. పోయిన శుక్రవారం బీపీ పడిపోయి కుర్చీలోనే స్పృహ తప్పారు. నాకు షుగర్ ఉందని ఆసుపత్రివాళ్ళు మొదటి ఫోన్‌లోనే నా కిడ్నీ వద్దన్నారు కాబట్టి ఈ డబ్బాలు మోస్తున్నాను. లేకపోతే ఇంకొకళ్ళ కాళ్ళు పట్టుకోవాల్సిన ఖర్మ నాకేంటి?"

"ఎవరి కాళ్ళూ పట్టుకోలేదు కదమ్మా నువ్వు," అన్నాడు శేషగిరి మెల్లగా. "తనే ఇస్తానంది."

"ఇస్తానన్నవాళ్ళు ఇలాగేనా చేసేది?"

కృతి కిందికి వంగి డబ్బాల మీది రోజులు చదువుతోంది. ఫోన్ తీసి వాటిని దేనితోనో సరిపోల్చి చూసింది. తలెత్తేసరికి ఆ పిల్ల ముఖం ఎర్రబడింది.

"అమ్మా, సో నువ్వు లై చేశావ్. ఎవ్రీ ట్యూజ్‌డే. ఎవ్రీ థర్స్‌డే. గ్రీన్ టిక్ వచ్చినప్పుడల్లా నేను అత్తకి హార్ట్ పెట్టి పంపేదాన్ని. నేను నా ఫ్రెండ్స్ అందరికీ చెప్పాను, మా అమ్మ ఎంత స్ట్రాంగో అని."

రాధారాణి మెట్టు దిగి కూతురి వైపు చెయ్యి చాచింది. కృతి వెనక్కి జరిగింది.

రష్మి తెచ్చిన సంచీ అక్కడే వదిలేసి కారెక్కింది. రివర్స్ చేసి వెళ్ళిపోయింది. 

* * *

డబ్బాలన్నీ మళ్ళీ ఫ్రీజర్‌లో పెట్టింది శేషగిరే. ఉప్మా తుడిచాడు. తర్వాత వంటింట్లోకి వచ్చి భార్య ఎదురుగా కూర్చున్నాడు.

"అవి పారేసినా పోయేది. ఎందుకు దాచావు?"

"పారెయ్యడానికి చెయ్యి రాలేదండీ. తెల్లారగట్ల లేచి చేస్తుంది అవన్నీ."

"మరి ఆ రోజుల్లో ఏం తిన్నావు?"

రాధారాణి బల్ల మీది గీతను గోటితో రుద్దింది.

మంగళ, గురువారాలు ఆమె ఆఫీసుకి వెళ్ళే రోజులు. వచ్చేటప్పుడు రూట్ ట్వెంటీ ఎయిట్ హైవే దిగి షాంటిలీలో ఇండియన్ గ్రోసరీ దగ్గర ఆగేది. మొదటిసారి కరివేపాకు కోసమే ఆగింది. వేడి వేడి మిరపకాయ బజ్జీలు ఒక ప్లేటు, అర పౌండు మైసూర్‌పాక్ తీసుకుని కార్లో కూర్చుంది. సీటు కొంచెం వెనక్కి జరిపి, ఇంజన్ ఆపేసి తింది. మొదటి రెండు ముక్కలు కళ్ళు మూసుకునేంత బాగున్నాయి. మూడోదానికే రుచి పోయింది. అయినా పెట్టె ఖాళీ అయ్యేదాకా ఆగలేదు. పెట్టెను షాపు బయట చెత్తడబ్బాలో వేసి, వేళ్ళకంటిన నెయ్యి టిష్యూతో తుడుచుకుని, ఇంటికొచ్చి ఫోన్‌లో ఎక్కించింది: డిన్నర్, రష్మి డబ్బా, 310.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రేపట్నించి ఇంకెప్పుడూ అలా చెయ్యనని ఒట్టు పెట్టుకుంది. గురువారం కారు దానంతటదే అటు తిరిగినట్టు అనిపించింది.

ఇదంతా భర్తకి చెప్పలేదు. "బయట తిన్నాను," అంది అంతే.

"నీకు భయంగా ఉందా?"

"లేదు."

"ఉంటే చెప్పు రాధా. ఆపరేషన్ అంటే నాకే భయంగా ఉంది. మన పెళ్ళై పంతొమ్మిదేళ్ళు. నువ్వు తిన్నావా అని అడిగాను గానీ, ఎంత తిన్నావని నేనెప్పుడూ అడగలేదు. ఇప్పుడు ఊళ్ళో అందరూ అదే అడుగుతున్నారు. పార్టీకి వెళ్తే నీ ప్లేటు వైపు చూస్తున్నారు. నాకే ఊపిరాడట్లేదు."

"నాకు భయం లేదన్నానుగా."

"మరి?"

 రాధారాణి లేచి వెళ్ళి జుట్టు తుడుచుకుంది.

* * *

సోమవారం డయాలసిస్ నుంచి తమ్ముడు అవినాష్‌ను ఇంటికి దింపడం రాధారాణి వంతు. వెళ్ళాలా వద్దా అని మధ్యాహ్నం దాకా తర్జనభర్జన పడి, చివరికి వెళ్ళింది.

అవినాష్ నెమ్మదిగా నడిచి వచ్చి కార్లో కూర్చున్నాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళవాడు, మెషిన్ నుంచి లేచి వచ్చిన రోజు యాభై దాటినట్టు కనిపిస్తాడు. ఎడమ మోచేతి మీద కట్టు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. జేబులోంచి చిన్న ఫ్లాస్క్ తీసి, ఒక ఐసుముక్క నోట్లో వేసుకున్నాడు. రోజుకి లీటరు నీళ్ళే తాగాలి. దాహం వేస్తే ఐసే.

కారు రెండు సిగ్నళ్ళు దాటింది.

"రష్మి చెప్పిందా?" అంది రాధారాణి.

"చెప్పకుండా ఉంటుందా? రాత్రంతా అదే." కాస్త ఆగి అన్నాడు. "కానీ నాకు ముందే తెలుసక్కా."

రాధారాణి బ్రేకు కొంచెం గట్టిగా తొక్కింది.

"మూడు వారాల కింద నన్ను తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు, నీ డోర్ పాకెట్‌లో స్వీట్ పెట్టె మూత ఉంది. కారంతా నెయ్యి వాసన. చిన్నప్పుడు నీ పెన్సిల్ బాక్సులో బెల్లం దొరికినప్పుడు చూశాను, ఇదే మొహం పెట్టావు."

"మరి రష్మికి ఎందుకు చెప్పలేదు?"

"ఇంట్లో ఒకళ్ళైనా రుచిగా తింటున్నారు కదా అని." నవ్వబోయాడు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. "జోకులు వదిలేయ్. అక్కా, ఒక్క మాట అడుగుతాను, కోప్పడకు. నీకు ఇష్టం లేదా?"

"నోరుమూసుకో."

"ఆసుపత్రి వాళ్ళిచ్చిన బుక్‌లెట్ చదివాను. దాత తరఫున ఒక మనిషి ఉంటుందట. నువ్వు ఆవిడతో వద్దని చెబితే, కుటుంబానికి 'ఈమె దాతగా పనికిరారు' అని ఒక్క లైను రాసిస్తారట. ఎందుకో చెప్పరట. నాకు కూడా చెప్పరు. నేను అడగను. రష్మిని అడగనివ్వను."

"అవినాష్!"

"నువ్వు నాకు కిడ్నీ ఇచ్చినా తీసుకుంటాను, ఇవ్వకపోయినా నువ్వు నా అక్కవే. కానీ ఇలా కార్లో దాక్కుని తినడం నాకు చూడబుద్ధి కావట్లేదు."

రాధారాణి పక్కనే ఉన్న పార్కింగ్ లాట్‌లోకి కారు తిప్పి ఆపింది. కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"నా కిడ్నీ నీకు మ్యాచ్ అయిందని ఫోన్ వచ్చిన రోజు గుర్తుందా? అప్పటికి ఎవరూ చెప్పకుండానే పదిహేను పౌండ్లు తగ్గాను. పొద్దున్నే నడిచేదాన్ని, హాయిగా ఉండేది. ఆ ఫోన్ వచ్చిన దగ్గర్నుంచీ అందరూ నా పళ్ళెం వైపే చూస్తున్నారు. తింటే తప్పు, తినకపోతే మెచ్చుకోలు. నేను తినే ముద్ద నాది కాదురా, నీది. ప్రతి ముద్దా నీ ఒంట్లోంచి తీసుకుంటున్నట్టే ఉంటుంది."

అవినాష్ ఫ్లాస్క్ మూత బిగించి మళ్ళీ వదులు చేశాడు.

"ఆకలేసి తినలేదు. ఆ కార్లో కూర్చున్న పావుగంట నన్నెవరూ చూడరు. ఆ పావుగంట..." ఒళ్ళోని కళ్ళద్దాలు మడిచింది. "ఆ పావుగంట నువ్వు కూడా గుర్తుండవురా. అదే బాగుంటుంది. పెట్టె ఖాళీ అవగానే నువ్వు గుర్తొస్తావు. ఐసుముక్క నోట్లో వేసుకుని చప్పరిస్తూ. అప్పుడు నన్ను నేను చెంప మీద కొట్టుకోవాలనిపిస్తుంది. ఒకసారి కొట్టుకున్నాను కూడా."

 అవినాష్ కట్టులేని చేత్తో అక్క భుజం మీద రెండుసార్లు తట్టి, కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చున్నాడు. అతని కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి.

* * *

ఆ సాయంత్రం నుంచి రాధారాణి తినడం మానేసింది.

సోమవారం రాత్రి కడుపులో బాగాలేదంది. మంగళవారం మజ్జిగ తాగింది. బుధవారం అది కూడా లేదు. ఆఫీసు మీటింగ్‌లో ఎవరో ఏదో అడిగితే, ప్రశ్న రెండుసార్లు చెప్పించుకుంది.

"ఇదేం పని?" అన్నాడు శేషగిరి, ఖాళీగా ఉన్న కంచం చూసి. "మొన్న తిన్నది దాచావు. ఇప్పుడు తిననిది దాస్తున్నావు. రెండూ ఒకటే రాధా."

"రేపొక్కరోజే కదండీ."

"తూకం రేపొక్కరోజే. నువ్వు ఆ తర్వాత కూడా ఉండాలి నాకు."

కృతి ఆదివారం నుంచి తల్లితో మాట్లాడలేదు. బుధవారం మాత్రం అరటిపండు ఒలిచి తెచ్చి బల్ల మీద పెట్టి, "జస్ట్ ఈట్ ఇట్. నేను లాగ్ చెయ్యను," అంది. రాధారాణి ఆ పండు వైపు చూసింది గానీ ముట్టుకోలేదు. కాసేపటికి అది నల్లబడింది.

రష్మి నుంచి ఒకే ఒక్క మెసేజ్ వచ్చింది. 'రేపు నేను తీసుకెళ్తాను. ఎనిమిదింటికి.'

గురువారం కార్లో నలభై నిమిషాలు రేడియో కూడా పెట్టలేదు రష్మి. ఆసుపత్రి పార్కింగ్ గరాజ్‌లో ఇంజన్ ఆపి, స్టీరింగ్ వైపు చూస్తూ, "ఆదివారం ఎక్కువ మాట్లాడాను," అంది. "అన్నయ్య ముందు అనకుండా ఉండాల్సింది."

"నువ్వన్నది తప్పేం కాదు."

"తప్పో కాదో తెలీదు. ఆయన చొక్కాలు రోజురోజుకీ వదులైపోతున్నాయి వదినా. ఉతికిన ప్రతిసారీ తెలుస్తోంది నాకు."

దిగుతుంటే రాధారాణికి కళ్ళు తిరిగాయి. కారు తలుపు పట్టుకుని నిలదొక్కుకుంది. రష్మి అటువైపు నుంచి దిగుతోంది, చూడలేదు.

* * *

తూకంలో నూట అరవై నాలుగు పాయింట్ రెండు వచ్చింది.

నర్సు నవ్వుతూ, అభినందనలు చెప్పి రాసుకుంది. రక్తం తీసుకుంది, మూత్రపరీక్షకి పంపింది. గంట తర్వాత రాధారాణిని చిన్న గదిలోకి పిలిచారు. రష్మిని బయటే ఉండమన్నారు.

లోపల దాతల తరఫు మనిషి కూర్చుని ఉంది. పేరు డెనీస్. అరవై ఏళ్ళుంటాయి, తెల్లజుట్టు కురచగా కత్తిరించుకుంది. ఆమె రోగికి వైద్యం చేసే డాక్టర్ల మాట వినదు, దాత మాటే వింటుంది, అదే ఆమె ఉద్యోగం. కాగితాలు పక్కన పెట్టి ఇంగ్లీషులో నెమ్మదిగా అడిగింది.

"బరువు బాగానే తగ్గింది. కానీ మీ మూత్రపరీక్ష చూస్తే మీరు చాలాసేపటి నుంచి ఏమీ తినలేదనిపిస్తోంది. ఆఖరుసారి ఎప్పుడు తిన్నారు?"

రాధారాణికి ఒక్క మాట చాలు. పరీక్షల కోసం రాత్రి నుంచి ఉపవాసమున్నానంటే డెనీస్ నమ్ముతుంది. కాగితాలు సోమవారం దాతలను ఆమోదించే కమిటీకి వెళ్తాయి. నెల తిరక్కుండా ఆపరేషన్ తారీఖు వస్తుంది. కృతి మళ్ళీ అమ్మ ముఖం చూస్తుంది. రష్మి చొక్కాలు ఉతుకుతూ ఏడవదు.

అబద్ధం నోటిదాకా వచ్చింది. రెండు నెలలుగా వేళ్ళకి అలవాటైన అబద్ధమే. రోజూ ఫోన్‌లో నొక్కినంత సులువు.

"సోమవారం మధ్యాహ్నం," అంది.

డెనీస్ పెన్ను కింద పెట్టింది.

ఆ తర్వాత అంతా చెప్పేసింది. బజ్జీలు, మైసూర్‌పాక్, ఫ్రీజర్‌లో డబ్బాలు, చెంప మీద కొట్టుకోవడం. ఇంగ్లీషులో మొదలుపెట్టి, మధ్యలో మాటలు దొరక్క తెలుగులో కొన్ని అనేసి, మళ్ళీ ఇంగ్లీషులోకి వచ్చింది. తమ్ముణ్ణి మర్చిపోవడం కోసం తిన్నానని చెప్పేటప్పుడు మాత్రం ఆమె గొంతు వణకలేదు. అంతవరకూ తమ్ముడికి తప్ప ఎవరికీ చెప్పని బరువు అదే.

డెనీస్ టిష్యూ పెట్టె ముందుకి తోసింది.

"ఈరోజు నేను సరే అని సంతకం పెట్టలేను," అంది. "ఇలా ఆకలితో మాడిన మనిషిని ఆపరేషన్ బల్ల మీద పడుకోబెట్టడం మీకు మంచిది కాదు. మీ ముందు రెండు దార్లున్నాయి. ఇక్కడితో ఆపేస్తానంటే, మీవాళ్ళకి మీరు దాతగా పనికిరారని మాత్రమే చెబుతాం. కారణం ఈ గదిలోనే ఉండిపోతుంది. లేదంటే మా డైటీషియన్‌నీ కౌన్సిలర్‌నీ ఎనిమిది వారాలు కలిసి, మళ్ళీ రండి. నేను మిమ్మల్ని ఎటూ తొయ్యను."

ఎనిమిది వారాలంటే అవినాష్‌కి ఇంకో ఇరవై నాలుగుసార్లు ఆ డయాలసిస్ కుర్చీ. రాధారాణి వేళ్ళ మీద లెక్క వేసుకుంది. ఆ కుర్చీల్లో ఏ ఒక్కటైనా పోయిన శుక్రవారం లాంటిది కావచ్చు.

"మీకు ఇవ్వాలని ఉందా?" అడిగింది డెనీస్. అవినాష్ అడిగిన ప్రశ్నే. శేషగిరి వేరే మాటల్లో అడిగిందీ అదే.

ఈసారి కోపం రాలేదు. నిజంగా లోపలికి చూసుకుంది. అక్కడ భయం ఉంది, అలసట ఉంది, రష్మి మీద కోపం కూడా కాస్త ఉంది. వాటన్నిటి కిందా ఆ కోరిక చెక్కుచెదరకుండా ఉంది.

"ఉంది," అంది. "ఎనిమిది వారాల తర్వాత వస్తాను."

తలుపు తీసుకుని బయటకు వచ్చేసరికి రష్మి లేచి నిలబడి ఉంది. రెండు చేతులూ ఛాతీ మీద ముడుచుకుని, ఆత్రంగా అడిగింది.

"బరువెంత వచ్చింది వదినా?"

"నూట అరవై నాలుగు. కానీ..."

మిగతాది రష్మి వినలేదు. రెండు చేతులతో వదినను చుట్టేసి, మెడ దగ్గర ముఖం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. వెయిటింగ్ రూమ్‌లో వాళ్ళు తలలు తిప్పి చూశారు. ఏడుస్తూనే ఫోన్ తీసి స్పీకర్ నొక్కింది.

"ఏమండీ, అయిపోయింది! వదిన నూట అరవై అయిదు లోపే వచ్చారు! నూట అరవై నాలుగు!"

 అవతల అవినాష్ గొంతు, అనుమానంగా: "అక్కకి ఇవ్వు."

రాధారాణి ఫోన్ అందుకుంది. రష్మి ఇంకా ఆమె భుజం వదల్లేదు.

"నేనేరా. బరువు సరిపోయింది. కానీ వాళ్ళడిగితే నిజం చెప్పేశాను. మూడు రోజులుగా తినలేదని, అంతకుముందు తిన్నదంతా దాచానని. సంతకం పెట్టలేదు. ఎనిమిది వారాలు ఆగమన్నారు."

భుజం మీది చెయ్యి జారిపోయింది.

రష్మి రెండడుగులు వెనక్కి వేసి నిలబడింది. ముఖం మీద కన్నీళ్ళు ఇంకా ఆరలేదు. పన్నెండేళ్ళుగా వదినను 'మీరు' తప్ప మరోలా పిలవని మనిషి.

"నువ్వు," అంది మెల్లగానే, అయినా అక్కడున్న అందరికీ వినిపించేలా. "ఇవాళ ఒక్కరోజు అబద్ధం చెప్పలేకపోయావా నువ్వు?"

ఫోన్‌లో అవినాష్ 'అక్కా', 'రష్మీ' అని మార్చి మార్చి పిలుస్తున్నాడు.